అరుగు కింద చదువు

బాలప్ప పటేలు తన అరుగు మీద చదువు కూటం పెట్టింది ఊరికి అక్షరాలు రావాలని కాదు, తనకు పేరు రావాలని. నారాయణఖేడ్ బడిలో ఉర్దూయే తప్ప తెలుగు లేని రోజులవి. కందులు ఇల్లు చేరాక, ఎండాకాలం పొద్దుపోని పెద్దరైతులంతా అక్కడ చేరేవారు. అందరికీ కలిపి ఉన్న పుస్తకం ఒక్కటే.

పటేలు అరుగు అంచున కూర్చుని ఎదురుగా పుస్తకం పెట్టుకునేవాడు. భూములున్నవాళ్లు ఆయన వెనుక చాప మీద చేరి భుజాల మీదుగా చూసేవారు. బావి మోటలకు తోళ్లు కుట్టే నాగయ్య మాత్రం అరుగు ఎక్కకూడదు. కింద ఎండలో, పుస్తకానికి ఎదురుగా నిలబడాలి. అతన్ని అంతదాకా రానిచ్చినందుకే పటేలుది దొడ్డ మనసని ఊరంతా పొగిడింది. మనిషిని ఎండలో నిలబెట్టడానికి కూడా దొడ్డ మనసు కావాలి కాబోలు!

ఇక చాప మీది చదువు సంగతి చెప్పాలంటే సిగ్గుచేటు. పటేలు ఒక మాట అంటే గొర్రెల మందలా తామూ అనేవారు, ఆ తర్వాత కునుకు తీసేవారు. పటేలుకు అన్నగారి కొడుకు జగన్నాథ్ మొదటి పాఠం కంఠతా పట్టేశాడు. వేలు ఒకచోట, నోరు మరోచోట.

"తిన్నదరగక వస్తుండ్రు గీళ్లు" అని నాగయ్య తన పెండ్లాం రామవ్వతో ఈసడించుకునేవాడు. తను మాత్రం ఒక్కో అక్షరాన్నీ చూపుతో పట్టుకొచ్చి, కనబడింది కనబడినట్టే తోలుముక్క మీద, చెప్పులు కుట్టే ఆరెతో గీసుకునేవాడు.

ఇంతలో హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడన్నారు. బాగా చదివినవాళ్లకు, తమ వాడలో మరో కూటం పెట్టుకోవడానికి పుస్తకాలు ఇస్తాడట. తన వాడకు పుస్తకం రావాలి, రామవ్వ చదవాలి. నాగయ్యకు అంతకు మించిన కోరిక లేదు.

ఆ రోజు జగన్నాథ్ గడగడా అప్పజెప్పాడు. తర్వాత పెద్దమనిషి పుస్తకాన్ని నాగయ్య వైపు తిప్పి అరుగు అంచున పెట్టాడు. నాగయ్య ఒక్క అక్షరమూ పోల్చుకోలేకపోయాడు. చివరికి పుస్తకాన్ని తలకిందులు చేసి, పేజీ అంతా తడబడకుండా చదివాడు.

చాప విరగబడి నవ్వింది.

"ఏందిరా నాగిగా, గదేం చదువురా? నా ఇజ్జత్ తీస్తివి గదరా!" అన్నాడు పటేలు.

"మీరు నిలబెట్టిన జాగనుంచి గిట్లనే కనబడ్డది, పటేలా."

పట్నం పెద్దమనిషికి ఆ మాట బాగానే అర్థమైంది. కానీ అప్పటికే పటేలు ఇంట్లో విస్తళ్లు వేశారు. పుస్తకాల కట్ట జగన్నాథ్ చేతిలో పెట్టి, ఆయన కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాడు.

కొన్నాళ్లకు ఆ కట్ట విప్పనైనా విప్పకుండా జగన్నాథ్ తలకింద దిండుగా కనిపించింది. నాగయ్య కొత్త చెప్పుల జత అరుగు మీద పెట్టాడు.

"ఒక్క పుస్తకమియ్యి, చిన్న పటేలా."

"ఒక్కటేంది, అన్నీ తీస్కపో. తలకు గుచ్చుకుంటున్నయి" అన్నాడు ఆ పండితుడు, చెప్పులు తొడిగి చూసుకుంటూ.

మర్నాడు పొద్దున రామవ్వ, ఇరుగుపొరుగువాళ్లు నాగయ్యకు ఎదురుగా కూర్చున్నారు. అతను తనకు వచ్చిన తీరులోనే, తలకిందులుగా పుస్తకం పెట్టుకున్నాడు.

"నాకు గిట్లనే వస్తది, నవ్వకుండ్రి" అన్నాడు తలవంచుకుని.

రామవ్వ పేజీ మీదికి వంగి చూసింది.

"నవ్వుడెందుకు? పుస్తకం మా దిక్కే ఉన్నది గద" అంది. "ఇగ చెప్పు."