ఇసకదిబ్బ గురించి నేను మింగేసిన మాట

ఈ బరువు మోయడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. మా ఆవిడకు చెప్పలేదు, గుళ్లో దేవుడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో తిట్టాలనిపిస్తే తిట్టండి. చివరిదాకా మాత్రం వినండి.

నేను తెనాలిలో ఇంగ్లీషు మాస్టారిని. రేపల్లె అవతల, సముద్రం వైపున్న ఒక రేవులో ఒక కంపెనీ ఐసు ఫ్యాక్టరీ, చేపల కోల్డ్ స్టోరేజీ కట్టాలనుకుంది. దానికి అప్పు ఇవ్వబోయేది మామూలు బ్యాంకు కాదు, అభివృద్ధి బ్యాంకు. వ్యాపారం నిలబడుతుందా అని చూసి ఊరుకోదు. నీళ్లు చెడతాయా, అక్కడ ఉన్నవాళ్ల బతుకు పోతుందా అని ఊళ్లోవాళ్లను కూర్చోబెట్టి మరీ అడుగుతుంది. అలా అడగడానికి ఒక విదేశీ ఆఫీసరమ్మ వచ్చింది. కంపెనీ మేనేజరు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. ఆవిడ మాట ఊరికీ, ఊరి మాట ఆవిడకూ చెప్పడానికి నన్ను వెంటబెట్టుకెళ్లాడు.

కారు దిగగానే ఎండుచేపల వాసన. జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైందేమో.

ఆడవాళ్లలోంచి నాంచారమ్మ లేచింది. చేపలు ఎండబెట్టి రేపల్లెలో అమ్ముకునే మనిషి. ఫ్యాక్టరీ కట్టుకోండి, ఐసు దొరికితే మా పడవలకూ మేలేనంది. తర్వాత చెయ్యెత్తి ఇసకదిబ్బ చూపించింది. ఆ దిబ్బ మాత్రం వదిలేయాలంది. చేపలు ఎండేది అక్కడే, అది పోతే మా పొయ్యిలో పిల్లి లేవదంది.

నేను మొదటి సగమే ఇంగ్లీషులో చెప్పాను. ఫ్యాక్టరీ రావడం ఆవిడకు సంతోషమేనన్నాను.

అది అబద్ధం కాదు కదా? అంతవరకూ కాదు. కానీ ఆఫీసరమ్మ పెన్ను ఆపింది. చాలాసేపు మాట్లాడినట్టుంది, ఇంకేమైనా చెప్పిందా అని అడిగింది. మేనేజరు నా వైపు చూశాడు. నోరు తెరిచి ఏమీ అడగలేదు, చూశాడంతే. ఇంకేం లేదన్నాను.

ఎందుకన్నాను? దిబ్బ గొడవ లేస్తే ఫ్యాక్టరీ ఆగిపోతుందని భయపడ్డాను. ఊరి బాగు ఆ ఊళ్లో పుట్టినవాళ్లకంటే నాకే బాగా తెలుసనుకున్నాను. ఇసకకేం కరువు, ఇంకో దిబ్బ దొరకదా అనుకున్నాను. అసలు నిజం చెప్పనా? ఈ కంపు కోసం ఫ్యాక్టరీ ఆగడమేంటని కూడా అనుకున్నాను. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడి పొగరు అది.

ఫ్యాక్టరీ లేచింది. దిబ్బ చుట్టూ గోడా లేచింది. ఆడవాళ్లు తారురోడ్డు అంచున చేపలు పరుచుకున్నారు. లారీల దుమ్ము పడ్డ చేపను బజారులో ఎవరు ముట్టుకుంటారు? కొందరు పనే మానేశారు. నాంచారమ్మ మానలేదు.

మూడో ఏడు ఆవిడ రైలెక్కి తెనాలి వచ్చి మా ఇల్లు కనుక్కుంది. అప్పిచ్చిన బ్యాంకులోనే ఫిర్యాదులు వినేవాళ్లు విడిగా ఉంటారని మహిళా సంఘంలో ఎవరో చెప్పారట. ఉత్తరం ఇంగ్లీషులో రాయాలి. ఆ రోజు మా మాట వాళ్లకు చెప్పింది మీరేగా, ఇప్పుడూ మీరే రాయాలంది. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. రాశాను. నా బతుకులో అంత శ్రద్ధగా ఇంకే ఉత్తరమూ రాయలేదు.

ఆ ఫిర్యాదులు వినేవాళ్లు వచ్చారు. బాపట్లలో ఒక హాల్లో మీటింగు పెట్టారు. మాట అటూ ఇటూ చెప్పడానికి ఆడవాళ్లు నన్నే వెంటబెట్టుకెళ్లారు. పాత కాగితాలు తీసి, ఆడవాళ్లెవరూ అభ్యంతరం చెప్పలేదని ఇందులో ఉందే అన్నారు. ఆ ముక్క తెలుగులో చెప్పాల్సింది కూడా నేనే. చెప్పాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి జేబురుమాలు వెతుక్కుంది.

నాంచారమ్మ లేచి నిలబడింది. "దిబ్బ వదిలేయమని నేను నా నోటితో చెప్పానండి. ఆ మాట ఎటు పోయిందండి?"

ఒక్క అక్షరం పోకుండా ఇంగ్లీషులో చెప్పాను. చెప్పి కూర్చోలేకపోయాను. ఆవిడ చెప్పింది నిజం, ఆ మాట నా దగ్గరే ఆగిపోయింది, తెలిసే ఆపాను, రాసుకోండి అన్నాను. కంపెనీ తరఫున వచ్చిన మేనేజరు తల దించుకున్నాడు. వాళ్లు రాసుకున్నారు.

"అంతసేపు ఏమన్నారు మాస్టారూ?" అని అడిగింది నాంచారమ్మ.

"మీరన్నదే చెప్పానమ్మా."

అదిగో, అదీ నా బుద్ధి. ఒక అబద్ధాన్ని దిద్దుకున్న నోటితోనే, ఆ నిమిషంలోనే ఇంకొకటి ఆడాను.

కానీ గెలిచామండి. తర్వాతి విడత అప్పు కావాలంటే దిబ్బ వదలాల్సిందేనని బ్యాంకు తేల్చిచెప్పింది. కంపెనీ గోడ పడగొట్టి వెనక్కి జరుపుకుంది. ఇసక అంటకుండా చేపలు ఎండేయడానికి ఎత్తుగా వెదురు మంచెలు కట్టించి, పైన వలలు పరిపించింది. ఫ్యాక్టరీకేమైనా నష్టమా? ఇప్పుడు ఐసు కోసం పడవలు బారులు తీరుతున్నాయి. నాంచారమ్మ చేపకు రేపల్లెలో మంచి పేరు. గోడ కూల్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. మొదటి ఇటుక పడగానే ఆవిడ కొబ్బరికాయ కొట్టింది. ఆడవాళ్లంతా కొంగులు నడుముకు దోపి చప్పట్లు కొట్టారు. ఆ ఎండుచేపల వాసన గుండె నిండా పీల్చుకున్నాను. ఏడుపొచ్చేంత ఆనందం వేసింది, ఇప్పుడు తలుచుకున్నా వేస్తుంది. ఆవిడ మొదటి చెక్క నా చేతిలో పెట్టి, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, ఇదంతా మా మాస్టారి నోటి చలవేనని అందరికీ చెప్పింది. నేను కొబ్బరి నములుతూ ఊరుకున్నాను.

మేం చేపలు తినమని తెలిసి, ఏటా చలికాలంలో తేగల కట్ట పట్టుకొస్తుంది. మా ఆవిడ ఉడకబెట్టి పెడుతుంది. ఒక్కో పీచూ గొంతులో అడ్డం పడుతుంది.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు? చెబితే గెలుపు పాడవుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాదు, నా పేరు పాడవుతుందని చెప్పలేదు. రోడ్డు అంచున ఏళ్ల తరబడి దుమ్ములో కూర్చున్న మనిషి గెలిచిన గెలుపు అది. నా మాటకు పాడయ్యేది కాదు.

ఇంగ్లీషులో ఒప్పుకోవడం తేలికే అయింది, ఆవిడకు రాదు కాబట్టి. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. ఆవిడకు చదవడం రాదు గానీ, ఇది అచ్చయితే కోడలు చదివి వినిపిస్తుంది. నా పేరు రాయలేదు, ఆవిడ పేరు మార్చాను. అయినా దిబ్బను గుర్తుపడతారు. క్షమించమని అడగను. దిబ్బ వదిలేయమని మీరు చెప్పారమ్మా. గట్టిగానే చెప్పారు. నేనే మింగేశాను.

రాశాక గుండె తేలికపడింది. వచ్చే చలికాలం తేగలు రాకపోవచ్చు. రాకపోతే మాట చేరిందనుకుంటాను.