నేను ఉలి పట్టిన ఏడాది

బడి ఉద్యోగం మానేసిన తర్వాతి సోమవారం పొద్దున నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కి కూర్చున్నాను. డ్రైవరు ఇంకా కింద టీ తాగుతున్నాడు. ఆయన ఎక్కేలోగా నేను దిగి ఇంటికి వెళ్లిపోతే ఎవరికీ ఏ నష్టమూ లేదని నా మనసు నాకు చెబుతూనే ఉంది. ఒళ్లో గుడ్డసంచి. అందులో ఒక జత గ్లౌజులు, దుమ్ముకు కట్టుకునే మాస్కు, కళ్లకు పెట్టుకునే ప్లాస్టిక్ అద్దాలు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని, ఎనిమిదో తరగతి చదివే కూతురున్న తల్లిని, రాయి చెక్కడం నేర్చుకోవడానికి పోతున్నాను.

పక్కన కూర్చున్న పెద్దావిడ "యాడికి పోతాండావ్ మ్మా?" అని అడిగింది.

"ఆళ్లగడ్డకు. పనుంది" అన్నాను.

ఏం పని అని ఆమె అడగలేదు. అడుగుతుందేమోనని శిరివెళ్ల దాటేదాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాను.

ఈ పిచ్చి ఉన్నట్టుండి పట్టింది కాదు. చిన్నప్పుడు అరిగిపోయిన సబ్బుముక్కల మీద, సుద్దముక్కల మీద గుండుసూదితో బొమ్మలు చెక్కేదాన్ని. అమ్మ తిడితే మానేసేదాన్ని. పెద్దయ్యాక ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరునయ్యాను. పెళ్లి, పాప, పేపర్లు దిద్దడం, స్పెషల్ క్లాసులు. అట్లా గడిచిపోతుండగా ఒక ఏడాది పిల్లల్ని ఆళ్లగడ్డ తీసుకుపోయి శిల్పుల షెడ్లు చూపించాం. పిల్లలు విగ్రహాల పక్కన ఫోటోలు దిగుతుంటే, ఒక షెడ్డు నడిపే శిల్పి నా చేతికి ఉలి, సుత్తి ఇచ్చి "ఒక దెబ్బ ఎయ్ టీచరమ్మా" అన్నాడు. వేశాను. చిన్న పెచ్చు ఎగిరిపడింది. పైన బూడిదరంగులో ఉన్న రాయి లోపల నల్లగా, తడిగా ఉన్నట్టు మెరిసింది. అంతే జరిగింది. తిరుగు ప్రయాణంలో పిల్లలు పాటలు పాడుతుంటే నేను నా అరచేతిని చూసుకుంటూ కూర్చున్నాను. ఆ తర్వాత ఏ పని చేస్తున్నా ఆ దెబ్బే గుర్తుకొచ్చేది. ఒకసారి ఆదివారం మధ్యాహ్నం ఒక్కదాన్నే పోయి ఆ శిల్పిని అడిగాను. ఆయన నవ్వలేదు. "చేతులు బొబ్బలెక్కుతాయి. నడుము పడిపోతాది. అయినా వస్తానంటే రా" అన్నాడు.

నా భర్త ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాడు. ఏ విషయమైనా రిపోర్టు చేతికొచ్చాకే మాట్లాడే మనిషి. "ఒక ఏడాది చూడు. ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

మా నాయన సంగతి వేరు. ఆయన కొలిమిగుండ్ల దగ్గర పల్లెలో మేకలు కాచిన పిల్లవాడు. మిషను హాస్టల్లో చదువుకుని బడిపంతులయ్యాడు. రిటైరయ్యాక మా చర్చిలో సంఘ పెద్ద. ఏ రూపమూ చేసుకోకూడదన్నది బైబిలు ఆజ్ఞ కాబట్టి, విగ్రహం అన్న మాటను మా ఇంట్లో గొంతు తగ్గించి పలికేవాళ్లం. నేను చెప్పిన రోజు ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఆళ్లగడ్డలో ఏం చెక్కుతారో తెల్సు గదా నీకు?"

"తెల్సు నాయనా."

"తెల్సీ పోతావా?"

"మొక్కేదానికి పోవడంల్యా. నేర్చుకునేదానికి పోతాండా."

"నేర్చుకోని? ఏం చెక్కుతావ్ నువ్వు?"

ఆయన లేచి తలుపు దగ్గరికి వెళ్లి చెప్పులు వేసుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంటికి రాలేదు.

షెడ్డులో మొదటి రోజు పని మొదలుపెట్టే ముందు ఉలులు, సుత్తులు ఒకచోట పేర్చి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించారు. నేను ఎక్కడ నిలబడాలో తెలియక షెడ్డు రేకుల కప్పు అంచున, ఎండలో నిలబడ్డాను. లోపలికి వెళితే నాయన ముఖం గుర్తుకొస్తుంది. బయట నిలబడితే వీళ్లను తక్కువ చేసినట్టు అవుతుంది. శిల్పి హారతి పళ్లెం పక్కన పెట్టి నా వైపు చూశాడు. "నీకు ఇష్టం లేకుంటే ఆడనే నిలబడు. దాంట్లో ఏముంది. పనికాడికి వచ్చేటప్పుడు మాత్రం చెప్పులిడిసి రా" అన్నాడు.

నెలల తరబడి నాకు ఇచ్చిన పని ఒక్కటే, రాయి ముఖాన్ని చదును చేయడం. ఒక పక్క చదునైందనుకుంటే శిల్పి అరచేత్తో తడిమి "ఈడ గుంత, ఆడ మిట్ట" అని వెళ్లిపోయేవాడు. కటింగ్ మిషన్ల రొదకు సాయంత్రం బస్సులో కూడా చెవుల్లో హోరు ఆగేది కాదు. వేళ్లు ముడుచుకుపోయి ఇంట్లో చపాతీ పిండి కలపలేకపోయేదాన్ని. నా కలేదో నన్ను పిలుస్తోందని, నాలో దాగి ఉన్నదేదో బయటికి వస్తుందని అనుకుని వెళ్లాను. లోపలి నుంచి బయటికి వచ్చింది చాలావరకు భయమే. ఇంత వయసులో ఇదేం పనని భయం. నా కన్నా చిన్నవాళ్లు పక్కనే చకచకా చెక్కుతుంటే భయం. ఒకరోజు పాప బడి నుంచి వచ్చి, "మీ అమ్మ ఏం జేస్తాదని అడిగినారు మా. టీచరనే చెప్పినా" అంది. తప్పు చేసినట్టు నా ముఖంలోకి చూసింది. "పర్లేదులే" అని దాని సంచి అందుకున్నాను.

చర్చిలో నాయన ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేవాడు. ఒక ఆదివారం వెనక, తలుపు పక్కన కుర్చీలో కనిపించాడు. ఆ తర్వాతి ఆదివారమూ అక్కడే. ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదట. నా పని గురించి ఎవరైనా అనకముందే తానే వెనక్కి జరిగాడు. ఆరాధన అయ్యాక ఆయన దగ్గరికి వెళ్లాను. "ఎండ బాగా ఉంది, తొందరగా ఇంటికి పో" అన్నాడు.

ఆ వారంలోనే షెడ్డులో తప్పు జరిగింది. ఒక పల్లె గుడికి అమ్మవారి విగ్రహం తయారవుతోంది. ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టుకున్నారు. పీఠం చుట్టూ తామర రేకుల వరుస సగం పని నాకు అప్పగించారు. చదును పని దాటి నాకు దొరికిన మొదటి పని అది. నాలుగు రేకులు బాగానే వచ్చాయి. తర్వాతి రేకు దగ్గర నాయన కూర్చున్న ఆ వెనక కుర్చీ గుర్తుకొచ్చింది. సుత్తి దెబ్బ పక్కకు పడింది. గోరంత ముక్క ఎగిరి నా పాదం మీద పడింది. రేకు మొన లేదు.

సుత్తి కింద పెట్టేశాను. శిల్పి వచ్చి వంగి, పగిలిన చోట బొటనవేలితో రుద్దాడు.

"దెబ్బేసేటప్పుడు నీ మనసు యాడుంది?"

నేను పాదం మీది ముక్కను తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నమే ఆ పల్లె నుంచి కమిటీ వాళ్లు విగ్రహం చూసుకోవడానికి వచ్చారు. నేను రాళ్ల వెనక్కి జరిగాను. దాచిపెడతాడేమో అనుకున్నాను. ఆయన వాళ్లను నేరుగా పీఠం దగ్గరికే తీసుకుపోయాడు. వాళ్లలో పెద్దవాడి ముఖం మారిపోయింది.

"భిన్నమైందా అప్పా?"

"విగ్రహానికేం కాలా. పీఠం రేకు ఎగిరింది. వరుస మొత్తం కిందికి దించి కొత్త రేకులు తీస్తాం. ముహూర్తానికి అందిస్తా."

ఆ పెద్దవాడి చూపు నా మీద పడింది. "ఈమె ఎవురు? మనోళ్లేనా?"

మా ఇంటి పేరు, చర్చి పేరు అడుగుతారని, విగ్రహం వద్దంటారని, ఆ నష్టమంతా నావల్లేనని ఒక్క క్షణంలో ఎన్నెన్నో అనుకున్నాను.

"రాయి కొట్టేటోళ్లంతా మనోళ్లే" అన్నాడు శిల్పి. అని వాళ్లకు టీ చెప్పమని పక్కవాడికి సైగ చేశాడు.

వాళ్లు గొణుక్కున్నారు. పీఠం చుట్టూ మళ్లీ మళ్లీ తిరిగారు. చివరికి సరేనని వెళ్లారు. ఆ తర్వాత ఇద్దరు పనివాళ్లు తమ పని ఆపి ఆ రేకులు చెక్కడానికి కూర్చున్నారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. వాళ్ల ఒక్కో దెబ్బా నా మీదే పడుతున్నట్టు ఉంది. మరుసటి రోజు నేను వెళ్లలేదు. ఆ మరుసటి రోజూ వెళ్లలేదు. జ్వరమని ఫోన్ చేసి చెప్పాను. జ్వరం లేదు.

వారం గడిచాక నా భర్త డ్యూటీ నుంచి వచ్చి చొక్కా మార్చుకుంటూ అడిగాడు.

"పొద్దున పోతాండావా?"

"పోను. ఈడ ఇంట్లో ఉంటా."

"ఇంట్లో ఉండి ఏం జేస్తాండావ్? కిటికీకాడ నిలబడి వచ్చే పోయే బస్సులు చూస్తాండావ్. నేను చూస్తానే ఉండా."

"ఇంకోటి పగలగొడితే?"

"పగులుతాది. నేను ఎన్ని శాంపిళ్లు కిందేసినానో నీకు తెల్సా?" అన్నాడు. ఆ సంగతి ఆయన నాతో అంతవరకు ఎప్పుడూ చెప్పలేదు.

తిరిగి వెళ్లిన రోజు శిల్పి జ్వరం గురించి అడగలేదు. షెడ్డు చివర పడి ఉన్న ఒక రాయిని చూపించాడు. మధ్యలో తెల్లచార ఉందని వదిలేసిన రాయి. "ఇది ఎవురిదీ కాదు. నీకేం కావాలో చేసుకో. పగిలినా అడిగేటోడు లేడు" అన్నాడు.

అది వరమనుకోవాలి. నాకు మాత్రం అప్పటిదాకా పడిన భయమంతా ఒక ఎత్తు, ఆ రాయి ముందు కూర్చున్నప్పటి భయం ఒక ఎత్తు. నాయన అడిగిన ప్రశ్నే ఇప్పుడు రాయి అడుగుతోంది. సుద్దముక్కతో గీస్తాను, తుడిచేస్తాను. దేవుణ్ణి చెక్కలేను. మనిషి ముఖం చెక్కేంత చెయ్యి నాకు రాలేదు. మిగతా పనంతా చేసి, మిగిలిన సమయంలో దాని ముందు కూర్చుని లేచి వచ్చేసేదాన్ని. ఒకరోజు భోజనం చేసి వచ్చేసరికి ఆ రాయి మీద ఎదురింటి మేక పడుకుని నెమరేస్తోంది. అదిలించాను. లేవలేదు. నా వైపు ఒకసారి చూసి మళ్లీ దవడలు ఆడించసాగింది. నాకు నవ్వొచ్చింది. అది పడుకుని ఉండగానే ఒక కాగితం మీద దాన్ని గీసుకున్నాను.

రాతిలో మేక వీపు, మెడ, తల ఒక తీరుకు వచ్చిన రోజుల్లో, ఎవరికీ చెప్పకుండా నాయన ఆళ్లగడ్డ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. షెడ్డు ముందు రోడ్డు మీద నిలబడిపోయాడు. లోపల సగం చెక్కిన దేవతలు వరసగా ఉన్నారు. ఆయన లోపలికి రాడని నాకు తెలుసు. పొమ్మంటాడో, రమ్మంటాడో తెలియక ఉలి చేతిలో పట్టుకునే బయటికి పరుగెత్తాను. శిల్పి కూడా చూశాడు. ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బయట నీడలో, నా రాయి పక్కనే వేసి "కూర్చో పెద్దాయనా" అని తన పనికి తాను పోయాడు.

నాయన కూర్చున్నాడు. రాయిని చూశాడు.

"ఇదేందీ?"

"మేక నాయనా."

"మేకని తెలుస్తాంది లే." గొడుగు ముడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "మేకైనా రూపమే గదా మ్మా."

ఆయన చెయ్యి చాచి మేక వీపు మీద పెట్టాడు. అలాగే మెడ మీదుగా కిందికి జరిపి, కాళ్ల దగ్గర ఆపాడు.

"ముంగాళ్లు తప్పు."

"ఏందీ?"

"మేక పండుకునేటప్పుడు ముందు మోకాళ్ల మీద వంగుతాది. ఒక కాలు లోపలికి మడుస్తాది, ఇంగొకటి రొంత ముందుకు పెడతాది. నువ్వు కుక్కను పండబెట్టినట్లు పండబెట్టినావ్." గొడుగు నేల మీద పెట్టి, తన రెండు చేతులూ మోచేతుల దగ్గర మడిచి చూపించాడు. డెబ్బై దాటిన సంఘ పెద్ద, రోడ్డు పక్కన, మేకలాగా. నాకు నవ్వు రావాల్సింది పోయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

శిల్పి వచ్చి చూశాడు. "పెద్దాయన చెప్పింది నిజమే. రాయి మిగిలుందా అని చూడాల." వేళ్లతో కొలిచాడు. "రొంత ఉంది. జాగర్తగా తీస్తే వస్తాది. పోతే పోతాది."

నాయన ఆ సాయంత్రం నాతో పాటే బస్సులో నంద్యాల వచ్చాడు. దారిలో చర్చి మాట ఎత్తలేదు, విగ్రహాల మాటా ఎత్తలేదు. ఆ పని తప్పు కాదని ఆయన ఇప్పటికీ అనడు. ఆదివారం ఇప్పటికీ వెనకే కూర్చుంటాడు. కానీ ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా ఎట్లుండావని అడగకముందే, "మోకాలు వచ్చిందా?" అని అడిగేవాడు. చాలా రోజులకు వచ్చింది. ఒకటి బాగా, రెండోది ఒక మోస్తరుగా.

వేసవి సెలవులు అయిపోతుండగా మా పాత బడి హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేసింది. నా స్థానంలో వచ్చినామె వెళ్లిపోయిందట. "మీరు వస్తానంటే మీ క్లాసులు మీకే. సాయంత్రంలోగా చెప్పండి" అంది. ఆ పూట ఏ పనీ చేయలేకపోయాను. పాప తొమ్మిదిలోకి వస్తోంది. మా ఆయన ఒక్కడి జీతం. నాకు వచ్చిందల్లా రేకుల వరుస, ఒక మేక. తిరిగి వెళితే అందరి గుండెల మీది బరువు దిగుతుంది, నాయన మళ్లీ ముందుకు వచ్చి కూర్చోవచ్చు. వెళ్లకపోతే ఏమవుతుందో చెప్పగలిగిన వాళ్లు ఎవరూ లేరు. ఫోన్ చేతిలో పట్టుకుని రోడ్డు దాకా వెళ్లడం, తిరిగి రావడం. చివరికి మిషన్లు ఆగిన సమయం చూసి చేశాను.

"రాను మేడం" అన్నాను. ఇంకేదో వివరంగా చెప్పాలనుకున్నాను. ఫోన్ పెట్టేశాను.

వెంటనే నా భర్తకు చేశాను. "బడికి రమ్మన్నారు. రానని చెప్పేసినా."

అవతల ల్యాబులో ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు. కోపమో, లెక్కలు వేసుకుంటున్నాడో తెలియలేదు.

"అన్నం తిన్నావా?" అన్నాడు.

"లేదు."

"ముందు తిను పో."

చేతులు కడుక్కుని రాళ్ల మధ్య నీడలో కూర్చుని తిన్నాను. నేను చేసింది సరైనదో కాదో అప్పుడు తెలియలేదు, ఇప్పటికీ పూర్తిగా తెలియదు. తిన్నాక కళ్లద్దాలు పెట్టుకుని మేక చెవి పని మొదలుపెట్టాను. చెవి పల్చన, తొందరపడితే పోతుంది. అందుకని మెల్లగా కొట్టాను.