ఎడమ చేతి వందనం

మా కరారాలో లిబేరో సాధించిన మొదటి ఘనత ఏమిటంటే, అక్షరాన్ని తిరగేసి చెక్కి కాగితం మీద తిన్నగా రప్పించడం. చిన్న సంగతి కాదది. పాలరాతి గనుల్లో బండ జారి మీద పడి ప్రాణాలు పోయినవాళ్ళ పేర్లతో కూలీల సంఘం ఒక బొమ్మ అడిగితే, చెక్క దిమ్మ మీద నెలల తరబడి చెక్కాడు. మొదటి దిమ్మ అచ్చు తీస్తే పేర్లన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. రెండోదానిలో సగం. రెండూ పొయ్యిలోకి పోయాయి. మూడోసారి మాత్రం పోయినవాళ్ళ పెళ్ళాలు కాగితం మీద వేలు పెట్టి పేరు చదువుకున్నారు. ఆనాటి నుంచి లిబేరో చెక్కినదాంట్లో ఒక్క అక్షరం తిరగబడలేదు. ఈ మాట అతని భార్య ఇసొలీనా చెప్పని గుమ్మం ఊళ్ళో లేదు.

ఆ తర్వాత చేసినవి చెప్పుకుంటూ పోతే పొద్దుపోతుంది. కొండ మీంచి తాళ్ళతో బండలు దించే బొమ్మ, రొట్టె ధర పెరిగినప్పుడు ఆడవాళ్ళు ఖాళీ బుట్టలు నెత్తిన పెట్టుకుని నడిచిన బొమ్మ, సమ్మె బొమ్మ. జెనోవా రేవులో కూలీలు సైతం వాటిని గోడలకి అంటించుకున్నారు. అచ్చు వేసింది మాత్రం ఎప్పుడూ ఒక్కడే, ఇసొలీనా తమ్ముడు ఫెర్రూచ్చో. వీధికి ఈ పక్క వీళ్ళ ఇల్లు, ఆ పక్క అతని అచ్చు మర. తల్లి పోయాక వాణ్ణి ఇసొలీనాయే ఎత్తుకుని పెంచింది.

నల్లచొక్కాల ఫాసిస్టుల రాజ్యం వచ్చింది. సంఘానికి తాళం పడింది. 1933 వేసవిలో వాళ్ళే లిబేరో ఇంటికొచ్చి, పండగకి పోస్టరు కావాలన్నారు. మధ్యలో నాయకుడు, చుట్టూ కుడి చెయ్యి చాచి వందనం చేసే జనం. కాదంటే ఏమవుతుందో వాళ్ళు చెప్పలేదు, లిబేరో అడగలేదు.

చెక్కాడు. దిమ్మ మీద జనమంతా కుడి చెయ్యి చాచే ఉన్నారు. పార్టీ పెద్ద వచ్చి చూసి, భుజం తట్టి వెళ్ళాడు. అచ్చులో కుడి ఎడమవుతుందన్న సంగతి ఆయనకి తట్టలేదు.

మొదటి కాగితం తీసీతియ్యగానే ఫెర్రూచ్చో అక్క వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"బావా, ఇదేంటిది? అందరూ ఎడమ చెయ్యే ఎత్తారు!"

"అయ్యో, అవునా?" అన్నాడు లిబేరో, కంచంలోంచి తలెత్తకుండా.

"నీ అసాధ్యం కూలా! కావాలనే చేశావు కదూ?"

"కావాలనే. కానీ ఎవరడిగినా పొరపాటు. చెక్కేవాడికి అద్దం గొడవ మామూలేగా. నువ్వూ అదే చెప్పాలి."

"నాకేం తెలుసు, మర తిప్పేవాణ్ణి!" ఫెర్రూచ్చో నవ్విన నవ్వుకి తాగుతున్న ద్రాక్షసారా ముక్కులోంచి వచ్చింది. "అక్కా, ఇంకో మొక్కజొన్న ముద్ద వెయ్యి. నీ మొగుడు నాయకుణ్ణి తీసుకెళ్ళి పుర్రచేతివాళ్ళ మధ్య నిలబెట్టాడు."

ఊరంతా అంటించారు. మర్నాడు పొద్దున్నే గనుల దారిలో కూలీలు ఎడమ చెయ్యి ఎత్తి పలకరించుకోవడం మొదలెట్టారు.

"ఏం మామా, వందనం!"

"ఆ చెయ్యే, ఆ చెయ్యే! దించావంటే దేశద్రోహం!"

మధ్యాహ్నానికి పోస్టర్లు గీకేశారు. సాయంత్రానికి లిబేరోని పట్టుకుపోయారు.

పొరపాటని తేలితే తిట్టి వదిలేస్తాననీ, బుద్ధిపూర్వకంగా చేసినదైతే ఖైదీల ద్వీపానికి పంపుతాననీ పోలీసు అధికారి అన్నాడు. పని తెలిసినవాడెవడైనా వచ్చి చెప్పాలన్నాడు. అచ్చుపని తెలిసినవాడు ఊళ్ళో ఫెర్రూచ్చో ఒక్కడే. ఇసొలీనా ప్రాణం కుదుటపడింది. చేతుల్లో పెరిగినవాడు కదా.

ఫెర్రూచ్చో ఆదివారం చర్చికి వేసుకెళ్ళే కోటు తొడుక్కుని ఠాణాకి వచ్చాడు. అక్క కూర్చున్న బల్ల వైపు చూడలేదు.

"ఇలాంటి పొరపాటు జరుగుతుందా?" అడిగాడు అధికారి.

"వేరేవాళ్ళకి జరుగుతుందండి." పోస్టరు అడుగున ఉన్న పెద్ద అక్షరాల మీద వేలు పెట్టాడు. "ఇవి చూడండి. ఒక్కటైనా తిరగబడిందా? మా బావ అక్షరం ఎప్పుడూ తిరగబడదండి. అక్షరాలు గుర్తున్నవాడికి చేతులు గుర్తుండవా?"

ఇరవై ఏళ్ళుగా ఇసొలీనా ఊరందరికీ గర్వంగా చెప్పుకున్న మాటే అది. తమ్ముడు దాన్ని తీసుకొచ్చి అక్కడ పెట్టాడు.

లిబేరో మాత్రం బావమరిదిని ఎగాదిగా చూసి, "మర బాగా తిప్పావురా," అన్నాడు.

నడిసముద్రంలోని ఆ ద్వీపంలో అయిదేళ్ళు, 1938 అక్టోబరు దాకా ఉండాలన్నారు. వారం తిరక్కుండానే పార్టీ అచ్చుపనంతా ఫెర్రూచ్చో గుమ్మంలోకి నడిచొచ్చింది.

ఒక ఉదయం అతను చెస్ట్‌నట్ కాయల పిండి మూట పట్టుకుని వచ్చి తలుపు కొట్టాడు.

"అక్కా, తియ్యవే. నేనేమైనా అబద్ధం చెప్పానా?"

"అదేరా నా ఏడుపు. మేం నిన్ను ఒక్క అబద్ధం అడిగాం. అదీ నోట్లోంచి రాలేదు."

"అచ్చు వేసింది నేను. నన్నూ పట్టుకుపోయేవాళ్ళే."

"నిన్నెవడు పట్టుకుపోతాడు, మర తిప్పేవాణ్ణి? ఆ పిండి పట్టుకెళ్ళి వాళ్ళకే రొట్టెలు చేసిపెట్టు. కుడి చేత్తో వడ్డించు."

అతను వెళ్ళాక ఇసొలీనా భర్త ఉలి తీసింది. మిగిలిపోయిన చెక్క ముక్క మీద చెక్కింది. మొదటిది తిరగబడింది. పొయ్యిలో పడేసి ఇంకోటి మొదలెట్టింది. మర లేదు కాబట్టి సిరా పూసి, కాగితం పరిచి, చెంచా వీపుతో రుద్దింది. తెచ్చి వీధి తలుపుకి అంటించింది, ఎదుటి కొట్లో మర దగ్గర తలెత్తినప్పుడల్లా వాడికి కనబడేట్టు. ఒక్క అంకె తిరగబడలేదు.

1938 అక్టోబరు 9.