దేవుడి పటం దగ్గర కారు కీ

2023లో తణుకులోని నా ఆటో ఎలక్ట్రికల్ షాపుకి రాజుగారని ఒక చేపల చెరువుల రైతు కొత్త కారులో వచ్చారు. పక్కన డ్రైవర్ ఏసురత్నం, మొహం వేలాడేసుకుని ఉన్నాడు. రాత్రి లాక్ చేసిన కారు పొద్దున్నకల్లా తెరుచుకుని ఉంటోందట. ఒక కీ రాజుగారి దగ్గర, రెండోది బీరువాలో ఉన్నాయి. కాబట్టి ఏసురత్నం మూడోది చేయించాడని ఆయన తీర్మానం.

"అదే నిజమైతే ఇవాళే మానిపించేస్తానయ్యా" అన్నారు.

స్కానర్ పెట్టి చూస్తే కారు గుర్తుపట్టే కీలు రెండే. మీ మిషన్‌కి దొరక్కుండా చేసుంటాడన్నారు రాజుగారు. లాక్‌లో ఏ లోపమూ కనపడలేదు. రేపు పొద్దున్నే ఇంటికొచ్చి చూస్తానని పంపించాను.

మర్నాడు నేను చూస్తుండగానే రాజుగారు బయటికొచ్చి హ్యాండిల్ లాగారు. తలుపు వచ్చేసింది.

"కీ ఎక్కడుందండి?"

"దేవుడి పటం దగ్గర. కొత్త బండి కదా, రోజూ అక్కడే పెడతాను."

ఆ పటం ఉన్న గోడకి ఇవతలే కారు. నాకు నవ్వాగలేదు.

కీలెస్ ఎంట్రీ అంటే ఇంతే. హ్యాండిల్‌లో సెన్సర్ ఉంటుంది. చెయ్యి తగలగానే కారు ఒక సిగ్నల్ పంపి కీ కోసం వెతుకుతుంది. అది మీటరు దాటి పెద్దగా పోదు గానీ, ఇటుక గోడ దానికి అడ్డు కాదు. కీ తన కోడ్ చెబుతుంది, కోడ్ కలిస్తే లాక్ తెరుచుకుంటుంది. కీ జేబులో ఉందా, గోడ అవతల ఉందా అన్నది కారుకి అనవసరం. రాత్రంతా లాక్ పడే ఉంది. పడిందో లేదో చూద్దామని లాగిన రాజుగారి చెయ్యే దాన్ని తెరుస్తోంది.

కారు మళ్ళీ లాక్ చేయించి, కీ వంటింట్లో పెట్టించి లాగమన్నాను. రాలేదు. మళ్ళీ పటం దగ్గర పెట్టిస్తే వచ్చింది. అనుమానం వేళ్ళతో సహా పోవాలని మూడుసార్లు చేయించాను.

రాజుగారు మొండివారే గానీ చెడ్డవారు కాదు. ఏసురత్నాన్ని పిలిచి, "తప్పు నాదేనయ్యా. ఇకనుంచి కీ నీ దగ్గరే ఉంచు" అన్నారు.

"వద్దండి. నా దగ్గరుంటే మీకు నిద్ర పట్టదండి" అన్నాడు ఏసురత్నం. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. రాజుగారు తల దించుకున్నారు.

నాకూ తల కొట్టేసినట్టయింది. కీ ఎక్కడ పెడతారని ముందురోజు షాపులోనే అడగాల్సింది. ఇప్పుడు ఎవరొచ్చినా మొదటి ప్రశ్న అదే. ఆ రోజు నేను అడగనందుకు, ఏ తప్పూ చెయ్యని మనిషి ఇంకో రాత్రి దొంగగా పడుకున్నాడు.