అందరికంటే ముందు లేచిన గొంతు

మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సులో పక్క సీటు పెద్దాయన ఫోన్‌లో పాటలు పెట్టాడు. బస్సంతా వినబడేలా పాటలు పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. తగ్గించమందామని తిరిగేసరికి, అవి మా వైపు కోలాటం పాటలని తెలిసింది. ఎక్కడివని అడిగాను.

"మా అన్న పుంగనూరులో చిన్న క్యాసెట్ కంపెనీ నడిపేవాడమ్మా. ఎప్పుడో మూసేసినాడు. టేపులు మొన్న అటక మీద దొరికితే ఫోన్‌లోకి ఎక్కిస్తాండాను," అన్నాడు.

ఇంకో పాట మొదలైంది. గుంపు అందుకోవాల్సిన చోట ఒక ఆడగొంతు ఒక్కటే ముందు లేచింది. మిగతావాళ్లు వెనక కలిశారు.

"ఈడ ఒకామె తొందరపడింది సూడు. టేపు దండగని మా అన్న మళ్లీ పాడించలా. ఈ ముక్క కోసేయాల."

"కోయొద్దప్పా. ఆమె మా అమ్మ."

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ తొందరకు గుంపులో ఎప్పుడూ తిట్లు తినేది. ఆమె పాడిన క్యాసెట్ మా ఇంట్లో మిగల్లేదు.

ఆయన పాటను వెనక్కి జరిపి, ఫోన్ నా చేతిలో పెట్టి, కిటికీ వైపు తిరిగాడు. ఆ ముక్కే మళ్లీ మళ్లీ విన్నాను. కండక్టర్ పలమనేరు అని అరిచాడు. ఆయన దిగాల్సింది అక్కడే, కానీ లేవలేదు.

"వినమ్మా, ముందర యాడన్నా దిగుతాలే."

దిగేముందు ఆ పాట నా ఫోన్‌కు పంపాడు. ఇప్పుడు విన్నవాళ్లంతా "ఎవరో తొందరపడినారే" అంటారు. నిజమే. ఆ తర్వాత గొంతులన్నీ కలిసిపోతాయి. వాటిలో అమ్మది ఏదో నాకు కూడా తెలియదు.