మా అమ్మాయి ఊరి జెండా

డిసెంబరులో ఖతర్ జాతీయ దినోత్సవం వస్తోందంటే చాలు, మేముండే అల్ ఖోర్‌లో కార్లకు కూడా ఇక్కడి జెండా మెరూన్ రంగు పూనకం వస్తుంది. ఈసారి మా అమ్మాయి క్లాసులో టీచర్ ఒక పని ఇచ్చింది. మీ ఊరికి ఒక జెండా తయారుచేసి, అందులో ఏ బొమ్మ ఎందుకుందో తల్లిదండ్రుల ముందు చెప్పాలట.

నాలుగో క్లాసు పిల్ల. ఇక్కడే పుట్టింది. బడి నుంచి వస్తూనే రంగులు పరుచుకుని కూర్చుంది. నేను పప్పుకి పోపు పెట్టి వచ్చేసరికి జెండా అయిపోయింది కూడా. ఒక పక్క ఖతర్ జెండాకున్నట్టే రంపపు పళ్ళ అంచు, మధ్యలో చేపల పడవ, పక్కన మడ చెట్టు.

"మడ చెట్టెందుకే?"

"శుక్రవారం సెలవు కదా, చర్చి అయ్యాక మనం మడ చెట్ల దగ్గరికే వెళ్తాం కదమ్మా! పడవేమో నాన్న చేపలు కొనేది. పళ్ళేమో..."

నాకు ఒళ్ళు మండింది. ఆ జెండాలో నాది అన్నది ఒక్కటీ లేదు, అదీ అసలు మంట. "ఇది మన ఊరెలా అయిందే? మనది గోదావరి ఒడ్డు. తీసెయ్, మళ్ళీ వెయ్యి" అని కసిరాను.

"మన ఊరికి జెండా ఉందా అమ్మా?"

నా మొహం! మా మునిసిపాలిటీకి చెత్తబండి ఉందని తెలుసు గానీ జెండా సంగతి నాకేం తెలుసు? అయినా దగ్గరుండి చెప్పాను. నీలం గీత అంటే గోదావరి, ఆకుపచ్చ అంటే వరిచేలు, లాంచీ అంటే మా రేవు. పిల్ల నేను చెప్పిన రంగే వేసింది, చెప్పిందే రాసుకుంది. ఫోటో తీసి మావాళ్ళ గ్రూపులో పెట్టాను. "అక్కడ పుట్టినా మన ఊరు మరిచిపోలేదు, అంతా నీ పెంపకమే" అని మా అక్క మెసేజ్ పెట్టింది. పొంగిపోయాను.

జెండాలు చూపించే రోజు క్లాసులో మా తల్లిదండ్రులందరి ముందు ఒక్క ముక్క తప్పకుండా చెప్పింది. టీచర్ మెచ్చుకుని, "ఇందులో నీకు బాగా ఇష్టమైంది ఏది?" అని అడిగింది.

పిల్ల జెండా వైపు తిరిగి చూసింది.

"ఇందులో నావేం లేవు టీచర్. ఇది మా అమ్మ ఊరు" అంది. కోపంగా కాదు, మామూలుగానే.

నాకు తల కొట్టేసినట్టయింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను, ఇంకేం చెయ్యను? ఛీ, కన్నతల్లినై ఉండి పిల్ల ఊరు పిల్లకి లేకుండా చేశానే అనిపించింది.

కారెక్కి కూర్చున్నాను గానీ బండి తియ్యలేకపోయాను. "తప్పు నాదే బంగారం. ఇంటికెళ్ళగానే నీ జెండా మళ్ళీ వేద్దాం. హాల్లో గోడకి పెడదాం" అన్నాను. అంటూనే కళ్ళు తుడుచుకున్నాను.

పిల్ల నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"వద్దులే అమ్మా, ఏడవకు. ఇకమీద ఎవరడిగినా మీ ఊరి పేరే చెప్తాలే."