పరుగు పనికిరాని ఇంట్లో భాస్కరం మాస్టారు

రామచంద్రపురంలో భాస్కరం మాస్టారి ఇంట్లో ఎవరూ పరుగెత్తకూడదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ నిజం. కొన్ని ఇళ్ళల్లో ఉల్లిపాయ పనికిరాదు, కొన్ని ఇళ్ళల్లో ఆడవాళ్ళు గుమ్మడికాయ కొట్టరు. ఆ ఇంట్లో పరుగు పనికిరాదు. బస్సు కదిలిపోతున్నా సరే, వాన ముంచుకొచ్చి మేడమీద వడియాలు తడిసిపోతున్నా సరే, నడిచే వెళ్ళాలి. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. కళ్ళెదుట బస్సు వెళ్ళిపోతుంటే గొడుగు చంకలో పెట్టుకుని చూస్తూ నిలబడే మనిషిని ఊరంతా "ఎంత నిబ్బరమండీ మాస్టారిది" అని మెచ్చుకునేది. నిబ్బరమూ లేదు, నా మొహమూ లేదు. లోపల కాలుగాలిన పిల్లి తిరుగుతున్నట్టే ఉండేది ఆయనకి.

ఆ కట్టడి పెట్టింది వాళ్ళమ్మ సంపూర్ణమ్మ గారు. ఎందుకు పెట్టిందో చుట్టాలందరికీ తెలుసు. మాస్టారి చిన్నప్పుడు వాళ్ళ కాపురం కోటిపల్లిలో, గోదావరి రేవుకి దగ్గర్లోనే. తండ్రిది పౌరోహిత్యం. ఓ వైశాఖ మాసం తెల్లవారుజామున ఆయన ఏరు దాటి, ముక్తేశ్వరంలో పెళ్ళి చేయించాలి. రేవులో లాంచీ కూత వేసేసింది. ఈయనేమో ఇంకా సంచీ సర్దుకుంటున్నాడు. "ముహూర్తం దాటిపోతే ఆడపిల్లవాళ్ళు మళ్ళీ మన మొహం చూస్తారా? పరిగెత్తండి" అంది ఆవిడ. ఆయన పరుగెత్తాడు. వీధి మలుపు తిరిగి, రేవు వాలు దిగి, లాంచీ బల్ల మీద కాలు పెట్టబోతూ కూలిపోయాడు. మళ్ళీ లేవలేదు.

ఎవరూ ఆవిణ్ణి ఎదురుగా ఒక్క మాట అనలేదు. పదోరోజున మాత్రం వంటింటి వసారాలో ఎవరో ఎవరితోనో "ఈవిడే తరిమిందిట" అనడం ఆవిడ చెవిన పడింది. అంతే. పిల్లాణ్ణి తీసుకుని రామచంద్రపురం అన్నగారి పంచకి వచ్చేసింది, ఆ రేవు మొహం మళ్ళీ చూడలేదు. అమలాపురంలో చెల్లెలింటికి వెళ్ళాలంటే కోటిపల్లి రేవు దాటితే దగ్గర. ఈవిడ మాత్రం రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి, అరటిగెలల లారీల మధ్య ఇరుక్కున్న బస్సులో ఉక్కపోతకి విసురుకుంటూ వెళ్ళేది. ఇదేం పిచ్చి అని అడిగే ధైర్యం ఎవరికుంది?

రెండువేల రెండులో మాస్టారికి తండ్రి పోయిన వయసు వచ్చింది. అప్పట్నించీ ఆయనకి ఒకచోట కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలీదు. పాఠం చెబుతూ చెబుతూ బోర్డుకేసి తిరిగి, చొక్కా జేబు సవరించుకుంటున్నట్టు గుండె మీద చెయ్యి వేసుకునేవాడు. కాకినాడ వెళ్ళి పరీక్షలు చేయించుకుంటే డాక్టరు, "భేషుగ్గా ఉంది మాస్టారూ, ఇంకో నలభై ఏళ్ళు పిల్లల్ని బాదొచ్చు" అన్నాడు. ఆ మాట బస్సు ఎక్కేదాకా నిలిచింది. కూర్చున్న మనిషి గుండె చూసి చెబితే ఏం లాభం, నాన్న కూర్చుని పోయాడా ఏమన్నానా అనుకున్నాడు.

అలా నిద్రపట్టక కాలవగట్టు మీద తెల్లారగట్ల నడవడం మొదలెట్టాడు. ఒకరోజు రైసుమిల్లు కుక్క వెంటపడింది. కట్టడి, అమ్మ, వయసు, అన్నీ మర్చిపోయి పంచె ఎగ్గట్టి పరుగు లంకించుకున్నాడు మాస్టారు. కుక్క ఎప్పుడో ఆగిపోయింది, ఈయన ఆగలేదు. చివరికి తూము గట్టు పట్టుకుని నిలబడి రొప్పుతుంటే తెలిసొచ్చింది, అన్ని నెలల్లో ఆ కాసేపే తన గుండె సంగతి తనకి గుర్తులేదని.

ఇంకేముంది. కాకినాడలో గుడ్డ బూట్లు కొన్నాడు. పాత పైజమా ఒకటి తీశాడు. భార్య ఉమాశ్రీకి రోజూ చెమటతో తడిసిన బనీను ఉతకాల్సి వచ్చేసరికి విషయం అర్థమైంది. అత్తగారు అడిగితే "వాకింగండీ అత్తయ్యా, డాక్టరు చెప్పారట" అనేసింది. మొగుడితో మాత్రం, "మీకేమైనా అయితే ఆవిడ బతకదు, గుర్తుంచుకోండి" అంది.

ఆయనకి ఆ మాట తలకెక్కలేదు. తనకేం అవుతుందో తేల్చుకోవడమే ముఖ్యం అప్పుడు. రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ పోయాడు, కానీ ఇంటికొచ్చి స్నానం చేసేసరికి మళ్ళీ పాత పురుగు తొలిచేది. ముందే ఆగిపోయాను కాబట్టి బతికాను, ఇంకొంచెం పరుగెత్తి ఉంటేనో? లెక్కల మాస్టారు కదా, సగంలో వదిలేసిన లెక్క ఆయన్ని పడుకోనివ్వదు. ఇలా కాదని మాఘమాసంలో ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇంటి దగ్గర మొదలెట్టి, ద్రాక్షారామం మీదుగా, కోటిపల్లి రేవుదాకా ఎక్కడా ఆగకుండా పరుగెత్తాలి. పోతే పోతాడు. పోకపోతే ఈ భయం పీడ విరగడవుతుంది.

చుక్కలు ఉండగానే బయల్దేరాడు. మంచు పడుతోంది. కాలవ పక్కన తారురోడ్డు మీద తన బూట్ల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. మొదట్లో హాయిగానే సాగింది. తెల్లారి జనం లేచాక మొదలైంది అసలు బాధ. మన గోదావరి జిల్లాలో మనిషిని ఒంటరిగా నడవనివ్వరు, ఇంక పరుగెత్తనిస్తారా? అందులోనూ మాస్టారిని. పాలక్యాన్ల మోపెడ్ ఒకటి పక్కకొచ్చింది.

"ఏమైందండీ మాస్టారూ, ఎవరికి బాలేదు?"

"ఎవరికీ ఏం కాలేదు."

"ఎక్కండి, దింపేస్తాను. ఎందుకండీ అలా ఆయాసపడతం?"

చెయ్యి ఊపి ముందుకు పోయాడు. మాట్లాడితే ఊపిరి ఖర్చు. అటుపైన ఒక సైకిలు, ఒక ట్రాక్టరు, వరి కుప్ప మీద కూర్చున్న ఓ ముసలాయన. అందరిదీ ఒకే ప్రశ్న. అంత పెద్దమనిషి పైజమాతో, చెమటలు కక్కుకుంటూ, పిలిస్తే పలక్కుండా పరుగెడుతున్నాడంటే చావు కబురు తప్ప ఇంకేముంటుంది వాళ్ళ ఉద్దేశంలో. ద్రాక్షారామంలో కాఫీ హోటలు నడిపే బుజ్జిబాబు ఆయన పాత శిష్యుడే. మాస్టారు గుడివీధి మొదట్లోంచి ఆగకుండా దూసుకుపోవడం చూసి వాడికి కంగారు పుట్టింది. స్కూటరు తీసి వెంటపడి, "ఎక్కండి సార్, ఎక్కడికైనా తీసుకెళ్తాను" అని బతిమాలాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. వాడు చేసేదిలేక హోటలుకి తిరిగొచ్చి, మాస్టారింటికి ఫోను కొట్టాడు.

ఫోను ఎత్తింది సంపూర్ణమ్మ గారు.

"మామ్మగారూ, మాస్టారు కోటిపల్లి రోడ్డు మీద పరిగెత్తుకుంటా వెళ్తున్నారండి. పిలిస్తే పలకట్లేదు. ఎవరికైనా ఏమైనా అయ్యిందాండీ?"

రిసీవరు ఎక్కడ పెట్టిందో కూడా ఆవిడకి తెలీదు. కోడలు వచ్చేసరికి మడిచీరతోనే వీధి గుమ్మంలో నిలబడి ఉంది. "ఆటో పిలు" అంది. "ఎక్కడికి అత్తయ్యా?" అంటే, "వాడు ఎక్కడికి పరిగెడుతున్నాడో అక్కడికి" అంది. ఆ పైన దారి పొడుగునా ఉమాశ్రీ చెయ్యి నొప్పిపుట్టేలా పట్టుకుంది.

ఇక్కడ మాస్టారి పని అయిపోతోంది. ద్రాక్షారామం దాటాక ఎండ మొహాన కొట్టింది. డొక్కలో పోటు మొదలై భుజందాకా పాకింది. ఎడమ భుజం. ఇదే, ఇదే వచ్చింది అనుకున్నాడు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. తొడలు తనవి కావన్నట్టు ఉన్నాయి. పక్కనే చప్టా కనిపించింది, ఒక్క నిమిషం కూర్చుంటే చాలు. కూర్చుంటే మళ్ళీ రేపు పొద్దున్న బోర్డుకేసి తిరిగి గుండె తడుముకోవాలి. ఏడుపొచ్చింది ఆయనకి, నిజంగానే ఏడుస్తూ పరుగెత్తాడు. కొబ్బరితోటలు వచ్చాయి, పోయాయి. పోటు భుజంలోంచి దిగి మళ్ళీ డొక్కలోకి వచ్చింది, అక్కణ్ణించి ఎక్కడికో పోయింది. తను ఇంకా పరుగెడుతూనే ఉన్నాడు. కోటిపల్లి ఊళ్ళోకి వచ్చేసరికి కాళ్ళు ఈడుస్తున్నాడు తప్ప దాన్ని పరుగు అనడానికి వీల్లేదు, కానీ నడక మాత్రం కాదు.

వెనకనించి ఆటో వచ్చింది. ఉమాశ్రీ తల బయటికి పెట్టి "ఆగండీ" అంది. ఆయన ఆగలేదు. తాము ఒకప్పుడు ఉన్న ఇల్లు దాటాడు, వీధి మలుపు తిరిగాడు, రేవు వాలు దిగాడు, బూట్లతోనే మోకాలి లోతు నీళ్ళల్లోకి వెళ్ళి నిలబడ్డాడు. వంగి, మోకాళ్ళు పట్టుకుని, ఊపిరి కోసం కొట్టుకున్నాడు. చచ్చిపోలేదు. అది అర్థమవడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక నవ్వొచ్చింది, నవ్వడానికి ఊపిరి చాల్లేదు.

సంపూర్ణమ్మ గారు ఆటో దిగింది. అన్నేళ్ళ తర్వాత ఆ వాలు మీద కాలు పెట్టింది. కోడలు పట్టుకోబోతే వద్దంది. మెల్లగా దిగి, నీళ్ళ అంచున నిలబడి కొడుకు వీపు మీద చెయ్యి వేసింది. తిడుతుందని ఆయన కాచుకుని ఉన్నాడు.

"ఎక్కణ్ణించిరా?"

"ఇంటి దగ్గర్నించమ్మా."

"పరిగెత్తుకుంటూనే?"

"ఊఁ."

"మధ్యలో ఎక్కడా కూర్చోలేదూ?"

"లేదు."

ఆవిడ చెయ్యి ఆయన గుండె మీదికి తెచ్చి అక్కడే ఉంచింది. అది ఇంకా దడదడా కొట్టుకుంటూనే ఉంది. ఆ తర్వాత వెనక్కి తిరిగి వాలుకేసి చూసింది. పైన వీధి మలుపు కనిపిస్తోంది, అక్కణ్ణించి ఇక్కడికి కేకేస్తే వినిపించేంత దూరం. ఇన్నేళ్ళుగా ఆవిడ మనసులో అది ఎంత పొడుగైపోయిందో ఆవిడకే తెలుసు.

"మీ నాన్న పరిగెత్తింది ఇంతేనా?"

"ఇంతేనమ్మా."

"లెక్కలు చెబుతావు కదా, నువ్వు చెప్పు. ఇంత దూరానికి మనిషి పోతాడా?"

అన్ని నెలలుగా మాస్టారు తన గుండె, తన వయసు, తన చావు, ఇవే చూసుకున్నాడు. అమ్మ ఏం మోస్తోందో చిన్నప్పట్నించీ తెలుసు, తెలిసీ ఈ పరుగు ఆవిడ కోసం కూడా అని ఒక్క పూటైనా తోచలేదు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

"పోడమ్మా" అన్నాడు. "దీనికి పోడు. ఆయన పోయింది వేరే దేనికో."

ఆవిడ మడిచీర సంగతి కూడా చూసుకోకుండా తడి ఇసకలో చతికిలబడింది. ముక్తేశ్వరం పోయే పంటు పడవ అప్పుడే రేవు వదిలింది. అది సగం ఏరు దాటేదాకా చూస్తూ కూర్చుని, ఎవరితో అంటోందో తెలీకుండా, "అయితే నేను కాదు" అంది.